ఆకే కదా!

ఎక్కువైతే జబ్బు, తక్కువైతే భేషు అని జనం అనుకునే వస్తువు లోకంలో ఒకటుందంటే అది ఒంట్లో చక్కెర! పెళ్ళిపందిట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురుపడితే పూర్వం వానల సంగతీ పంటల సంగతీ అడుక్కునేవారు. ఇప్పుడు "నీకెంత వుంది?" అంటే "నాకు రెండువందల పది, మరి నీకు?" అని లెక్కలు అప్పజెప్పుకుంటున్నారు. అంకె తగ్గిందని ఎవరైనా చెబితే చుట్టూ వున్నవాళ్ళు పరీక్ష పాసైన పిల్లాణ్ణి మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటారు. ఎంత దాకా తగ్గాలి, ఎక్కడ ఆగాలి అని అడిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నేనూ అడగలేదు. అడగనందుకు ఏమైందో మీతో చెప్పుకుందామనే ఈ రాత.

మాది గాండ్లపెంట. కదిరికి దగ్గర. అనంతపురం జిల్లాలో వుండేది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ ఎండ మారలేదు, చెనిక్కాయ చేలు మారలేదు, మా అత్తగారూ మారలేదు. డెబ్భై దాటినా ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలిందో చూసుకుని కూర్చోవడం ఆవిడ అలవాటు. శనివారం వస్తే కదిరి నరసింహస్వామి పేరు చెప్పి ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టాక గానీ ముద్ద ముట్టరు. ఆ ఒక్కపొద్దు నలభై ఏళ్ళుగా తప్పలేదు, పురుళ్ళప్పుడు తప్ప.

ఆవిడకి షుగరుందని ఆరేళ్ళ కిందట తేలింది. మాత్రలు రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వేసుకునేవారు గానీ ఆ మాత్రను చూస్తే ఆవిడకి ఇల్లు గలవాడు అద్దెకున్నవాణ్ణి చూసినట్టుండేది. "నాలుగు కాలాలు బతికినా, ఏ మాత్రా మింగకుండానే బతికినా. మా అవ్వ ఇంటి వెనక ఆకులతోనే ఊరందరికీ బాగు చేసేది" అనేవారు.

ఆ మాట పట్టుకున్నది నేను. అదీ నేను ముందే ఒప్పుకోవాలి. మా వీధిలో ఒకామె ఒకరోజు వచ్చి, "అక్కా, పొడపత్రి ఆకు నమిలిస్తాండారా? మా ఆయనకు మూణ్ణెల్లలో దిగిపోయింది" అంది. పొడపత్రి మనకి కొత్త కాదు. కంచెల మీదా, గుట్టల మీది పొదల మీదా పాకే తీగ. చిన్న ఆకు, చేత్తో రుద్దితే కాస్త నూగు తగులుతుంది. సంస్కృతంలో దానికి మధునాశిని అని పేరు, అంటే తీపిని చంపేది. హిందీలో గుడ్‌మార్ అంటారట, బెల్లాన్ని చంపేదని. పేరులోనే ఇంత హెచ్చరిక వుంటే మనం దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాం!

దాని తమాషా మీకు తెలిసే వుంటుంది. తెలియకపోతే చెబుతాను. రెండాకులు బాగా నమిలి, నోరు పుక్కిలించి, ఆ తర్వాత చిటికెడు చక్కెర నాలిక మీద వేసుకోండి. తీపి అన్నది మచ్చుకైనా తెలియదు. ఇసుక నమిలినట్టుంటుంది. అరగంటో గంటో పోయాక గానీ తీపి తిరిగి రాదు. ఆకులోని ఒక పదార్థం నాలిక మీద తీపి తెలిసే చోటుకి అడ్డం పడుతుందట. మా మండలంలోని కటారుపల్లిలోనే వేమన సమాధి వుంది. చూపుకి ఒకేలా వున్నవాటిని రుచి చూసి తేల్చుకోమన్న మహానుభావుడాయన. పొడపత్రి నమిలి వుంటే ఆయనకైనా చక్కెరకీ ఇసుకకీ తేడా తెలిసేది కాదు కదా అని మావారు నవ్వారు. ఆ నవ్వులో మేమూ కలిశాం. నలుగురం తలా రెండాకులు నమిలి చక్కెర తిని, పిల్లల్లా ఒకరినొకరు చూసుకుని ఆశ్చర్యపోయాం.

నేను కంచె పక్కన ఒక తీగ తెచ్చి పాతాను. మా అత్తగారు పొద్దునే మూడాకులు, సాయంత్రం మూడాకులు. దానితోపాటు పరగడుపున మెంతుల నీళ్ళు. వారానికి మూడుసార్లు కాకరకాయ. నేరేడు గింజల పొడి ఒక చెంచా. మాత్ర ఎటూ మానలేదు. "దాని దారి దానిది, దీని దారి దీనిది" అనుకున్నాం. రెండు నెలలకి చూస్తే పరగడుపున రెండువందల ఇరవై వున్నది నూట ముప్ఫైకి దిగింది! నా సంతోషం చూడాలి మీరు! వీధిలో నలుగురికి ఆకులు పంచాను. ఒకామెకి తీగ కొమ్మ కూడా ఇచ్చాను. కదిరిలో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "బాగా తగ్గిందే, ఏం చేస్తున్నారు?" అని అడిగితే, "పథ్యమండీ" అన్నాను. ఆకు సంగతి ఎత్తలేదు. వెక్కిరిస్తారేమోనని ఒక భయం. రెండోది, ఆకేగా, దాన్ని కూడా చెప్పాలా అని.

నూట ముప్ఫై నూట పది అయింది. నూట పది తొంభై అయింది. నేను క్యాలెండరులో అంకెలు రాసుకుంటూ మురిసిపోతున్నాను. తగ్గుతున్న అంకె ఎక్కడికి పోతోందన్నది నాకు తట్టలేదు.

ఆ శనివారం సంగతి చెబుతాను.

ఒక్కపొద్దు కదా, పొద్దున చక్కెర లేని కాఫీ తాగి మాత్ర వేసుకున్నారు. "మాత్ర తప్పకూడదని డాక్టరు చెప్పినాడు" అన్నారు. నిజమే, చెప్పారు. తిండి తప్పకూడదని కూడా చెప్పారు గానీ అది మాకు వినబడలేదు. పదకొండు గంటలప్పుడు ఆకలేస్తోందని, ఆకలి మరవడానికి ఇంకో నాలుగాకులు నమిలారు. నేను వసారాలో చెనిక్కాయలు వొలుస్తున్నాను. పదకొండున్నరకి వంటింట్లోంచి పెద్ద చప్పుడు. వెళ్ళి చూస్తే ఇత్తడి చెంబు కింద దొర్లుతోంది. మా అత్తగారు గోడకానుకుని నిలబడ్డారు. "ఏమైందత్తా?" అన్నాను.

"ఏమైతే నీకెందుకు? నువ్వీ ఇంటికొచ్చినకాడ్నుంచి నాకు ముద్ద దిగింది లేదు!" అన్నారు.

ఇరవైరెండేళ్ళలో ఆవిడ నన్ను పల్లెత్తు మాట అన్నది లేదు. అటువంటి మనిషి ఆ మాట అంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతకాలం కడుపులో ఇదా పెట్టుకున్నది అనుకున్నాను. మారుమాట్లాడకుండా దొడ్లోకి వెళ్ళి తొట్టి పక్కన కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు గానీ ఇరవై నిమిషాలకి తక్కువుండదు. ఆ ఇరవై నిమిషాలు నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తాయి.

లోపలికి వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని వున్నారు. రవికె తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి నేనెవరో గుర్తుపట్టనట్టు చూశారు. మాట ముద్దముద్దగా వస్తోంది. అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు, ఇది కోపం కాదని.

పరుగున వెళ్ళి చక్కెర డబ్బా తెచ్చి ఒక చెంచాడు నోట్లో పోశాను. తుపుక్కున ఉమ్మేశారు. "ఇసక పెడతావా నా నోట్లో! ఇసక!" అని నా చెయ్యి తోసేశారు. ఏడుస్తూ బెల్లం ముక్క పెట్టాను. అదీ ఉమ్మేశారు. నాకప్పుడు తట్టింది, పదకొండింటికి నమిలిన ఆకు! ఆ రోజు నలుగురం కూర్చుని నవ్వుకున్న తమాషా ఇలా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ ప్రాణం నిలబెట్టే చక్కెర ఆవిడ నాలికకి మట్టి. నేనే పాతిన తీగ.

నా కేకలకి పక్కింట్లో వుండే ఏ.ఎన్.ఎం. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మీటరు పట్టుకునే వచ్చింది. వేలు పొడిచి చూస్తే నలభై ఆరు. డెబ్భైకి తగ్గితేనే తక్కువ కింద లెక్క, యాభైనాలుగుకి తగ్గితే ప్రమాదం కింద లెక్క అని ఆ అమ్మాయి చెప్పగా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చెప్పడానికి టైము తీసుకోలేదు. "అవ్వా, నన్ను చూడు, మింగగలవా?" అని అడిగి, గుటక వేయిస్తూ గ్లాసు నీళ్ళలో మూడు టీచెంచాల చక్కెర కలిపి పట్టించింది. "రుచి వద్దులే అవ్వా, మందనుకో, గుటుక్కున మింగు" అంది. మందన్న మాటకి మా అత్తగారు ఎదురు చెప్పే మనిషి కాదు. ముఖం చిట్లించి మింగేశారు.

పావుగంట ఆగి మళ్ళీ చూస్తే అరవై రెండు. మళ్ళీ మూడు చెంచాలు. ఇంకో పావుగంటకి తొంభై నాలుగు. అప్పుడు రెండు ఇడ్లీలు తినిపించింది. ఈలోగా మా వీధామె చెనిక్కాయ ఉండ పట్టుకొస్తే ఆ అమ్మాయి ఆపింది. చెనిక్కాయలోని నూనె తీపిని ఒంటికి తొందరగా పట్టనివ్వదట. ఓళిగైనా, చాక్లెట్టైనా అంతేనట. పడిపోతున్నప్పుడు ఉత్త చక్కెర, బెల్లం, తేనె, లేకపోతే అర గ్లాసు పళ్ళరసం. ఉండలు, ఓళిగలు లేచి కూర్చున్నాక. "స్పృహ తప్పివుంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదక్కా, పొరబోతుంది. ఆసుపత్రికి తోలుకుపోవాల్సిందే" అంది. నేను దొడ్లో ఇంకో పది నిమిషాలు అలిగి కూర్చుని వుంటే ఏమయ్యేదో నేను ఊహించుకోదలచుకోలేదు.

మావారు వచ్చి ఆటోలో కదిరికి తీసుకెళ్ళాం. బాగానే వున్నారు కదా, ఇంటికి తీసుకెళ్తామంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మా అత్తగారు వేసుకునే మాత్ర క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పించే రకమట. రోజంతా ఒంట్లో పనిచేస్తూనే వుంటుంది. కాబట్టి ఒకసారి చక్కెర లేచినా, రాత్రి నిద్రలో మళ్ళీ పడిపోవచ్చు. పైగా వయసుతో మూత్రపిండాలు మందగిస్తే మందు బయటికి పోవడం ఆలస్యమవుతుంది. "ఇవాళ ఇక్కడే" అన్నారావిడ. తర్వాత చీటీ మీద కలం ఆన్చి అడిగారు: "ఈ మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?"

నేను నోరు తెరిచేలోగా మంచం మీంచి మా అత్తగారు, "ఏమీ లేదమ్మా" అన్నారు. డాక్టరమ్మ అటు తిరగ్గానే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తెచ్చిన ఆకని చెప్పాకు పాపా. నిన్ను తిడుతుంది" అన్నారు మెల్లగా.

ముద్ద దిగలేదన్న మనిషీ ఈవిడే! ఆ పొద్దున తానేం అన్నారో ఆవిడకి గుర్తులేదు. నేనూ ఈనాటి వరకూ చెప్పలేదు. చక్కెర పడిపోతే మెదడుకి మేత చాలక మనిషి మనిషి కాకుండా పోతాడట. కోపం, తికమక, మొండితనం, ఒక్కోసారి తాగినవాడి తూలుడు, ఇవన్నీ ఆ జబ్బు లక్షణాలేనట. చెమటా వణుకూ గుండెదడా అందరికీ తెలుసు. కోపం కూడా లక్షణమని నాకు ముందే తెలిసి వుంటే ఆ ఇరవై నిమిషాలు మిగిలేవి.

చెప్పేశాను. ఆకు, మెంతులు, నేరేడు పొడి, అంతా. నేనే తెచ్చానని కూడా చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు, వెక్కిరించలేదు. "ఆకు పనిచేయదని నేననను. పనిచేసింది కాబట్టే మీరిక్కడికొచ్చారు" అన్నారు. "మాత్ర తగ్గిస్తుంది, ఆకూ తగ్గిస్తుంది. రెండూ కలిసి ఉపవాసం మీద పడ్డాయి. ఆకు వున్నట్టు నాకు చెబితే ఆ నెల్లోనే మాత్ర సగం చేసేదాన్ని కదమ్మా!"

ఆ మాట నా మనసులో పాతుకుపోయింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి చేత కూర్చుని చదివించుకున్నాను. చదివితే తెలిసింది: మద్రాసు విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు ఇదే పొడపత్రి సారాన్ని రోజుకి 400 మిల్లీగ్రాముల చొప్పున 22 మందికి ఏడాదిన్నరకి పైగా ఇచ్చి 1990లో ఫలితాలు అచ్చువేశారు. చక్కెర తగ్గింది. వాళ్ళేం చేశారో చూడండి, అది తగ్గుతున్నకొద్దీ మాత్రలు తగ్గించుకుంటూ వచ్చారు. 5 గురికి మాత్రలు పూర్తిగా మాన్పించగలిగారు. నేను చేసిన పనిలో సగం వాళ్ళూ చేశారు. మిగతా సగం, అంటే చూసుకోవడం, తగ్గించుకోవడం, నేను చెయ్యలేదు. 22 మంది చిన్న లెక్కే, దాంతో అందరికీ వర్తిస్తుందని చెప్పలేం. కానీ "ఆకే కదా" అన్న మాటకి అది చాలినంత జవాబు.

ఇంకో చిత్రం చెబుతాను. మా అత్తగారు వేసుకునే జాతి మాత్ర పుట్టిందే ఈ తక్కువ చక్కెరలోంచి! 1942లో, యుద్ధకాలంలో, ఫ్రాన్సులోని మాంపెల్లియే ఊళ్ళో టైఫాయిడ్ రోగులకి ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చారట. కొందరికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చాయి, కొందరు చనిపోయారు. జాన్‌బోన్ అనే డాక్టరు కారణం వెతికితే వాళ్ళ నెత్తుట్లో చక్కెర పడిపోయిందని తేలింది. ఆయన ఆ సంగతి లూబాతియేర్ అనే శాస్త్రజ్ఞుడికి చెబితే, ఆయన పరిశోధించి ఇది షుగరు జబ్బుకి పనికొస్తుందన్నాడు. 1950లలో ఆ జాతి మాత్రలు బజారుకొచ్చాయి. అంటే దాని దోషమే దాని గుణమన్నమాట. ఇక ఈ రోజు ఊరూరా వాడే మెట్‌ఫార్మిన్ వుందే, దాని మూలం యూరపులో నాటువైద్యులు వాడిన గలేగా అనే ఊదాపూల మొక్క. ఆ మొక్కలోని పదార్థం వెంట పోయి పోయి 1957 నాటికి మాత్ర చేశారు. ఆకు వేరు, మందు వేరు అని మనం గీసుకున్న గీత అసలు లేనే లేదు. మాత్రకి ఎంత కొలతో ఆకుకీ అంత కొలత కావాలి. ఇంతే సంగతి.

డబ్బాల్లో అమ్మే పొడుల సంగతి మరీను. 2008లో సింగపూరులో దొంగచాటుగా అమ్మిన శక్తి మందుల్లో షుగరు మాత్ర మందు కలిసిపోయి, షుగరే లేని 150 మంది చక్కెర పడిపోయి ఆసుపత్రుల పాలయ్యారు. నలుగురు చనిపోయారు. అది చదివాక మా బీరువాలో వున్న, పేరూ ఊరూ లేని పొట్లం పొడిని దొడ్లో గొయ్యి తీసి పూడ్చాను.

మా అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చారని తెలియగానే పలకరించడానికి జనం వచ్చారు. అందరూ ఒక్కో మందు తెచ్చారు. "తగ్గడానికి ఆకుంది కదా, పెరగడానికి ఏ ఆకు?" అన్నది ఇప్పుడు ప్రశ్న! ఒకామె అతిమధురం వేరు తెచ్చింది. పేరులోనే తీపి వుంది కదా అని ఆమె తర్కం. ఆ వేరు చక్కెర కన్నా ఎన్నో రెట్లు తియ్యనే, కానీ ఆ తీపి ఒంట్లో చక్కెరై నిలబడదు. పైగా ఎక్కువగా వాడితే రక్తపోటు పెరుగుతుంది. డాక్టరమ్మని అడిగితే, "చక్కెర పడకుండా కాపాడే మూలిక మీ వంటింట్లోనే వుంది. దాని పేరు వేళకి అన్నం" అన్నారు.

ఆ మూలికనే ఇప్పుడు మేం వాడుతున్నాం. పూర్వపు మాత్ర మార్చి వేరేది రాశారు. ఆకు ఆపేశాం. తీగ మాత్రం పీకలేదు, అది చేసిన తప్పేముంది? "ముద్ద ముందు, మాత్ర తర్వాత" అని వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాశాను. పొద్దున ఎనిమిదికి రెండు జొన్నరొట్టెలో, కొర్రల ఉప్మానో. పదకొండుకి మజ్జిగా, గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలూ. ఒంటిగంటకి చిన్న రాగి సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, ఉలవచారు. నాలుగింటికి గుగ్గిళ్ళు. రాత్రి ఎనిమిదికి రొట్టె. పడుకోబోయే ముందు అంకె వందకి లోపుంటే అర గ్లాసు పాలు. రాగులని జావగా కాచి తాగితే తొందరగా పైకి లేపి తొందరగా దించుతుంది. పప్పూ కూరా కలిపి ముద్దగా తింటే నెమ్మదిగా అరుగుతుంది. మెంతులు తాలింపులోకి వచ్చాయి, కాకరకాయ కూరగా వుంది. తిండిగా వున్నంతకాలం వాటితో పేచీ లేదు. ఆవిడ ఆకువక్కల సంచిలో మూడు చెంచాల చక్కెర పొట్లం కట్టి పెట్టాను. చెనిక్కాయలు వొలవడానికి చేనికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా అది వెంట వుండాల్సిందే.

శ్రీరామనవమికి పానకం కలుపుతుంటే నాకొకటి తోచింది. పానకం, ఆ తర్వాత వడపప్పు. ముందు తొందరగా పట్టే బెల్లం, వెనక నెమ్మదిగా నిలిపే పెసరపప్పు. ఏ.ఎన్.ఎం. అమ్మాయి ఆ రోజు చక్కెర నీళ్ళు, ఆ వెనక ఇడ్లీ పెట్టిన వరసే ఇది! పెద్దలు ఈ లెక్క తెలిసే పెట్టారని నేననను. ఎండలో ఉపవాసమున్న మనిషికి ఏది పనికొస్తుందో వాళ్ళ ఒళ్ళే వాళ్ళకి చెప్పివుంటుంది.

ఇక మిగిలింది శనివారం ఒక్కపొద్దు. అక్కడ మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు. "స్వామికి మాటిచ్చినా" అంటారు. డాక్టరమ్మ ఉపవాసముంటే మాత్ర ఎలా మార్చుకోవాలో ముందే అడిగి మరీ చెయ్యాలన్నారు. పొద్దంతా ఉత్త కడుపు మాత్రం కుదరదన్నారు. రెండు శనివారాలు ఇంట్లో మౌనం. మూడో శనివారం మావారు, "అమ్మా, ఒక్కపొద్దంటే అన్నం ఒక్కసారి తినేది కదా? రొట్టె అన్నమా?" అని అడిగారు. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "కాదు" అన్నారు. "గుగ్గిళ్ళు?" "కాదు." "మజ్జిగ?" "అది నీళ్ళే కదా!" ఆ లెక్కన మా అత్తగారు ఇప్పుడు రోజుకి ఐదుసార్లు తింటూ నిష్ఠగా ఒక్కపొద్దు వుంటున్నారు. కదిరి నరసింహస్వామి మీదా, మా అత్తగారి మీదా నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇంతా చెప్పాక నా సంగతి కూడా చెప్పాలి. ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి కాళ్ళు తేలిపోయి చేతులు వణికాయి. నాకూ పడిపోయిందని హడావుడిగా మీటరు పెట్టుకుంటే ఎనభై ఆరు! షుగరు మాత్రలు వేసుకోనివాళ్ళకి నిజంగా చక్కెర పడిపోవడం అరుదేనట. "మరి నాకెందుకు వణికింది?" అని ఏ.ఎన్.ఎం. అమ్మాయిని అడిగితే, "పొద్దున ఏం తిన్నావక్కా?" అంది. గుర్తు తెచ్చుకుంటే ఒక కాఫీ. అందరికీ పెట్టాక తిందామనుకున్నాను. ఏ అలవాటుతో మా అత్తగారు ఆసుపత్రి దాకా వెళ్ళారో, దాన్ని నేను వంటింటి గిన్నెలతోపాటే వారసత్వంగా పుచ్చుకున్నాను!

బీహారులో ముజఫర్‌పూర్ అని లిచీ పళ్ళ ఊరు. అక్కడ ఎండాకాలంలో పసిపిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి చనిపోయేవారు. 2014లో పరిశోధకులు వెతికితే, లిచీ పళ్ళలోని ఒక పదార్థం చక్కెరని పడగొడుతోందని, అదీ రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకే ఎక్కువ అపాయమని తేలింది. పిల్లల్ని రాత్రి పస్తు పడుకోనివ్వకండని చెప్పారు. పండు దోషం పండుదే, కానీ దానికి తలుపు తీసింది ఖాళీ కడుపు. మా ఇంట్లోనూ అంతే జరిగింది. మాత్ర తప్పు కాదు, ఆకు తప్పు కాదు. తినకుండా వుండటమే గొప్ప అనుకున్న మా ఇద్దరి తప్పు.

ఇప్పుడు అత్తా కోడళ్ళం ఒకే పంక్తిలో కూర్చుంటున్నాం. ఒంటిగంట కొట్టగానే ఎవరు తిన్నా తినకపోయినా మా రెండు కంచాలు పడతాయి. మొదట్లో మావారు కాస్త వింతగా చూశారు గానీ, ఇప్పుడు ఆయనే నీళ్ళ చెంబులు పెడుతున్నారు.

మొన్నొక రోజు పొద్దున్నే మా అత్తగారు వంటింట్లో ఉగ్రనరసింహావతారం ఎత్తారు. ఉలవచారులో ఉప్పెక్కువైందని, ఇరవైరెండేళ్ళయినా నాకు చెయ్యి తిరగలేదని ఒకటే కేకలు. నేను అలగలేదు. దొడ్లోకి పోలేదు. ఒక్క ఉరుకున వెళ్ళి మీటరూ, చక్కెర పొట్లమూ తెచ్చాను. కేకలేస్తూనే వేలు ముందుకు చాపారు. ఇద్దరం ఊపిరి బిగపట్టి అంకె కోసం చూశాం.

నూట ఇరవై ఎనిమిది!

"అమ్మయ్య" అన్నాను, నిజంగానే సంతోషంతో. "ఇది ఉత్త కోపమే అత్తా, కానివ్వండి!"